పోటీ పోటీయే... పార్టీ పార్టీయే!

అమెరికాలోని న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో యూనిటీ అని ఓ చిన్న ఊరుంది. జనాభా రెండు వేలు కూడా ఉండదు. 2008 జూన్ 27న ఆ ఊరిపేరు ప్రపంచమంతా మార్మోగింది. ఏడాదికి పైగా ఒకరిమీద ఒకరు కత్తులు నూరుకున్న ఇద్దరు నేతలు ఆ రోజు అక్కడ ఒకే వేదిక ఎక్కారు. ఒకరు బరాక్ ఒబామా, మరొకరు హిల్లరీ క్లింటన్. ఆవిడ వేసుకున్న నీలం సూటుకి సరిపోయేలా ఆయన నీలం టై కట్టుకొచ్చారు! యూనిటీ అంటే ఐక్యత కాబట్టి ఆ ఊరిని ఎంచుకున్నారు అనుకుంటే సగమే నిజం. ఆ ఏడాది జనవరి 8న జరిగిన ప్రైమరీ ఎన్నికలో ఆ ఊళ్లో ఒబామాకి పడిన ఓట్లు 107. హిల్లరీకి పడినవీ సరిగ్గా 107!

పత్రికలకు కావాల్సిన ఫొటో దొరికింది. కానీ రాజకీయాలు ఎరిగినవాళ్లకు తెలుసు... వేదికమీద ఇద్దరు నేతలు చేతులు కలపడం క్షణం పని. ఇన్నాళ్లూ వాళ్లకోసం గొంతు చించుకుని, ఇల్లిల్లూ తిరిగి, తోటి కార్యకర్తతో తగవు పెట్టుకున్నవాళ్లు కలవడమే కష్టం. ఆ ఏడాది మార్చిలో గాలప్ సంస్థ జరిపిన సర్వేలో హిల్లరీ అభిమానుల్లో 28 శాతం మంది ‘ఒబామాకి టికెట్ వస్తే రిపబ్లికన్ పార్టీ అభ్యర్థి జాన్ మెకెయిన్‌కి ఓటేస్తాం’ అన్నారు. హిల్లరీకి టికెట్ వస్తే మెకెయిన్ వైపు వెళతామన్న ఒబామా అభిమానులు 19 శాతం. అవతలి పార్టీకి అంతకన్నా శుభవార్త ఏముంటుంది!

అంత దూరం వెళ్లిన పార్టీ ఎలా గట్టెక్కింది? ‘ఓడినవారు పెద్ద మనసు చేసుకున్నారు’ అని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. కానీ ఆ కథలో మనసుకన్నా ఎక్కువ పనిచేసినవి వేరే ఉన్నాయి. నిబంధనలు, ఓపిక... చివరికి ఓ అప్పుల చిట్టా కూడా!

టికెట్ జనం చేతిలో...

మన దగ్గర టికెట్ల వ్యవహారం నాలుగు గోడల మధ్య తేలుతుంది. జాబితా వస్తుంది. బీ-ఫారం దక్కినవారు బాణసంచా కాలుస్తారు. దక్కనివారి అనుచరులు పార్టీ ఆఫీసు ముందు ఫ్లెక్సీలు చింపుతారు. పెద్దలు రంగంలోకి దిగి బుజ్జగిస్తారు. వింటే సరేసరి, వినకపోతే రెబెల్. ఏమైనా ఓ పది పదిహేను రోజుల భాగోతం.

అమెరికాలో ఇదే భాగోతం నెలల తరబడి నడుస్తుంది. అదీ నలుగురి ముందు, టీవీ కెమెరాల సాక్షిగా. అధ్యక్ష పదవికి పార్టీ అభ్యర్థి ఎవరన్నది తేల్చేది రాష్ట్రాలవారీగా జరిగే ప్రైమరీ ఎన్నికలు. కొన్ని రాష్ట్రాల్లో ‘కాకస్’లని సభలు పెడతారు. వచ్చిన ఓట్లనుబట్టి ఒక్కో అభ్యర్థికి కొందరు ప్రతినిధులు దక్కుతారు. వేసవి చివర్లో జరిగే పార్టీ మహాసభలో ఆ ప్రతినిధుల లెక్క ఎవరికి ఎక్కువైతే వారికే టికెట్. 2008లో డెమోక్రటిక్ పార్టీకి వీరితోపాటు సుమారు 800 మంది ‘సూపర్ డెలిగేట్లు’ ఉన్నారు. ఎంపీల్లాంటివాళ్లు, గవర్నర్లు, పార్టీ పెద్దలు. వీళ్లు ఎవరికైనా ఓటేయొచ్చు.

ఈ పద్ధతిలో ఓ చిక్కుంది. ప్రత్యర్థులిద్దరిదీ ఒకే పార్టీ. సిద్ధాంతాలూ దాదాపు ఒక్కటే. ఇరాక్ యుద్ధం, ఆరోగ్య బీమా అంటూ ఒబామా, హిల్లరీ వాదించుకున్నా ఇద్దరూ చేస్తామన్న పనుల మధ్య ఉన్న తేడా బారెడు కాదు, బెత్తెడు. హిల్లరీ బీమా అందరికీ తప్పనిసరి అన్నారు. ఒబామా పిల్లలకు మాత్రమే తప్పనిసరి అన్నారు. అలాంటప్పుడు ‘నాకే ఓటెందుకు వేయాలి’ అన్న ప్రశ్నకు జవాబు ఎక్కడ వెతుక్కుంటారు? ఎదుటివారి అనుభవంలో, నడతలో, నిజాయతీలో... అంటే మనిషిలో. పరాయి పార్టీవాడితో పోట్లాట విధానాల మీద. సొంత పార్టీవాడితో పోట్లాట వ్యక్తిత్వం మీద. దాయాదుల తగవులు ఎందుకంత చేదుగా ఉంటాయో మన పల్లెల్లో అడిగితే చెబుతారు.

మాటల తూటాలు

తొలి దెబ్బ 2007లోనే పడింది. శత్రుదేశాల అధినేతలను షరతుల్లేకుండా కలుస్తానన్న ఒబామాది బాధ్యతారాహిత్యం, అమాయకత్వం అన్నారు హిల్లరీ. విదేశీ నేతలతో టీ తాగితే అనుభవం వచ్చేసినట్టేనా అన్నట్టు ఒబామా ఎత్తిపొడిచారు. 2008 జనవరి 3న అయోవా కాకస్‌లో ఒబామా గెలిచారు. రెండు రోజులకే న్యూహాంప్‌షైర్ చర్చావేదికలో ‘ఒబామా అంటే జనానికి ఇష్టం, మరి మీ సంగతేమిటి’ అని హిల్లరీని అడిగితే ఆవిడ సరదాగానే బదులిచ్చారు. మధ్యలో ఒబామా తలెత్తకుండానే ‘మీరూ ఫర్వాలేదులే’ అన్నట్టు ఓ మాట విసిరారు. ఆడవాళ్లకు అది చురుక్కుమంది. మూడు రోజుల తర్వాత అక్కడ హిల్లరీ గెలవడానికి ఆ ఒక్కమాటా ఓ కారణమేనని రాసినవాళ్లున్నారు.

జనవరి 26న సౌత్ కరోలినాలో ఒబామా 55 శాతం ఓట్లతో ఊడ్చేశారు. హిల్లరీ భర్త, మాజీ అధ్యక్షుడు బిల్ క్లింటన్ ‘1984లో, 88లో జెస్సీ జాక్సన్ కూడా ఇక్కడ గెలిచాడుగా’ అన్నారు. పైకి చూస్తే లెక్కే. కానీ ‘నల్లవారి ఓట్లతో వచ్చిన గెలుపేలే’ అన్న ధ్వని నల్లజాతి ఓటర్లకు వినిపించింది. ఏళ్లుగా క్లింటన్ కుటుంబాన్ని నెత్తిన పెట్టుకున్నవాళ్లు వాళ్లు! అవతల హిల్లరీ సభలో ఇద్దరు మగవాళ్లు లేచి ‘నా చొక్కా ఇస్త్రీ చెయ్’ అని అరిచారు. వాళ్లు ఒబామా మనుషులేం కాదు. అయినా అధ్యక్ష పదవికి పోటీపడుతున్న మహిళకు ఆ మాట వినాల్సి రావడం, దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోకపోవడం ఆమె అభిమానులు మర్చిపోలేదు. చరిత్రలో తొలి మహిళా అభ్యర్థా, తొలి నల్లజాతి అభ్యర్థా... ఇద్దరి వెనకా తరాల నాటి గాయాలున్నాయి. ఒకరిని పొగిడినా ఇంకొకరికి గుచ్చుకునే పరిస్థితి.

మార్చిలో రెండు సంఘటనలు జరిగాయి. ఒబామాకి విదేశాంగ సలహాలిచ్చే సమంతా పవర్ ఓ విలేకరితో మాట్లాడుతూ హిల్లరీని ‘రాక్షసి’ అనేశారు. అది అచ్చయిన రోజే ఆమె తప్పుకోవాల్సి వచ్చింది. కొద్ది రోజులకే హిల్లరీ శిబిరంలోని జెరాల్డిన్ ఫెరారో ‘ఒబామా తెల్లవాడైతే ఈ స్థాయికి వచ్చేవాడు కాదు’ అన్నారు. 1984లో ఉపాధ్యక్ష పదవికి పోటీచేసిన నాయకురాలావిడ. అంత పెద్ద మనిషికీ ప్రచారంలోని పదవి వదులుకోక తప్పలేదు. నోరు జారింది అవతలివాడైతే నిలదీయడం ఎవరైనా చేస్తారు. తనవాళ్లు జారినప్పుడు మూల్యం చెల్లించాలి. అటో వికెట్, ఇటో వికెట్ పడ్డాక రెండు శిబిరాల్లోనూ నోటికి కాస్త తాళం పడింది.

అన్నమాట ఎక్కడికీ పోదన్న భయం కూడా ఉంది. ప్రైమరీలో విసిరిన రాళ్లను అవతలి పార్టీ ఏరుకుని దాచుకుంటుంది. తెల్లవారుజామున 3 గంటలకు వైట్‌హౌస్‌లో ఫోన్ మోగితే ఎత్తే సత్తా ఎవరికుంది అంటూ హిల్లరీ ఫిబ్రవరి చివర్లో ఓ టీవీ ప్రకటన వేశారు. ఆగస్టులో మెకెయిన్ శిబిరం అదే ఫోన్ కథను తిరగేసి, హిల్లరీ మాటలనే జోడించి ఒబామాపైకి వదిలింది. అంతకు 20 ఏళ్ల ముందు 1988లో అల్ గోర్ తన పార్టీకే చెందిన డుకాకిస్‌ను ఓ చర్చలో ఖైదీల సెలవుల గురించి ప్రశ్నించారు. శిక్ష అనుభవిస్తున్నవారిని మసాచుసెట్స్ రాష్ట్రంలో సెలవుమీద బయటికి పంపుతున్నారన్నది ఆరోపణ. ఆ తీగ లాగి రిపబ్లికన్లు డుకాకిస్ డొంకంతా కదిల్చేశారు. ఒక్కోసారి ఆ రాయి విసిరినవాడి కాలిమీదే పడుతుంది. 1980లో రీగన్ ఆర్థిక విధానాన్ని ‘మంత్రాల ఆర్థికశాస్త్రం’ అని గేలిచేసిన జార్జ్ బుష్ సీనియర్ ఆ ఏడాదే రీగన్‌కి ఉపాధ్యక్ష అభ్యర్థి అయ్యారు. ఎనిమిదేళ్లూ ఆ మాట గుర్తుచేసి నవ్వినవాళ్లు నవ్వుతూనే ఉన్నారు.

అసలు గండం

అయితే తిట్లవల్ల పార్టీలు చీలడం తక్కువ. ‘నన్ను మోసం చేశారు’ అన్న భావన వస్తేనే చీలుతాయి. 2008లో అలాంటి గండం ఒకటి వచ్చింది.

నాలుగు రాష్ట్రాలు మినహా మరెవరూ ఫిబ్రవరి 5కి ముందు ప్రైమరీ పెట్టకూడదని పార్టీ నిబంధన. మిషిగన్, ఫ్లోరిడా వినలేదు. జనవరిలోనే పెట్టేశాయి. పార్టీ కోపమొచ్చి ఆ రెండు రాష్ట్రాల ప్రతినిధులెవరికీ ఓటు లేదు పొమ్మంది. అభ్యర్థులు అక్కడ ప్రచారం చేయలేదు. మిషిగన్‌లోనైతే ఒబామా అసలు తన పేరే తీసేయించుకున్నారు. రెండుచోట్లా హిల్లరీకే ఎక్కువ ఓట్లు వచ్చాయి. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. పోటీ నువ్వా నేనా అన్నట్టు మారాక ఆ ఓట్లకు ప్రాణమొచ్చింది. ‘లక్షలమంది ఓట్లు చెత్తబుట్టలో వేస్తారా’ అని హిల్లరీ శిబిరం. ‘ఆట మధ్యలో నిబంధనలు మారుస్తారా’ అని ఒబామా శిబిరం. ఎవరి మాట వాళ్లకు న్యాయం. రెండూ న్యాయంగా కనిపించే తగవును తీర్చడం ఎంత కష్టమో ఊరి పెద్దమనుషులకే తెలియాలి.

మే 31న వాషింగ్టన్‌లోని ఓ హోటల్లో పార్టీ నిబంధనల కమిటీ కూర్చుంది. బయట నిరసనలు, లోపల అరుపులు. అంతా టీవీలో ప్రత్యక్ష ప్రసారం. ప్రతినిధులందరినీ రానిద్దాం, కానీ ఒక్కొక్కరిదీ అర ఓటే అన్నది తీర్పు. తప్పు చేసినందుకు శిక్షా ఉంది, ఓటేసినవారికి విలువా ఉంది. ఫ్లోరిడా విషయంలో కమిటీలోని 27 మందీ ఒప్పుకున్నారు. మిషిగన్ దగ్గర మాత్రం 19-8 తేడాతో నెగ్గింది. ఓట్ల లెక్కన తమకు 73 మంది ప్రతినిధులు రావాలని హిల్లరీ వర్గం వాదిస్తే 69 ఇచ్చి, బ్యాలెట్‌లో పేరే లేని ఒబామాకి 59 ఇచ్చారు. ‘మా నలుగురిని లాక్కున్నారు, పార్టీ ఐక్యతకి ఇదా నాంది’ అని కమిటీలోనే ఉన్న హిల్లరీ సలహాదారు హెరాల్డ్ ఇక్స్ మండిపడ్డారు. నిజానికి ఆ నలుగురి లెక్కకు గట్టి ఆధారమేమీ లేదు. అది గణితం కాదు, రాజీ.

అయినా ఆ రోజు పార్టీని ఒడ్డున పడేసింది ఆ రాజీయే. గదిలో రెండువైపులవాళ్లూ కూర్చున్నారు. చెప్పాల్సింది చెప్పారు. అందరూ చూస్తుండగా చేతులెత్తి ఓటేశారు. తీర్పు నచ్చనివాళ్లకు ‘చాటుమాటున జరిగింది’ అనే అవకాశం దొరకలేదు. గెలుపు ఖాయమయ్యాక ఒబామా తనంతట తానే ఆ రెండు రాష్ట్రాలకూ పూర్తి ఓటు ఇమ్మని కోరారు. మహాసభకు ముందురోజు ఇచ్చేశారు కూడా.

‘తప్పుకో’ అనకపోవడమూ మర్యాదే

పార్టీ ఐక్యత పేరు చెప్పి ఓడిపోతున్నవారి నోరు మూయించడం ఎక్కడైనా ఉన్నదే. మార్చి చివరికి లెక్కలు ఒబామావైపు మొగ్గాయి. వెర్మాంట్ సెనేటర్ పాట్రిక్ లేహీ హిల్లరీ ఇక తప్పుకోవాలన్నారు. ఇంకొందరు వంతపాడారు. హిల్లరీ అభిమానులకు ఒళ్లు మండింది. ఇంకా పది చోట్ల ఓటింగ్ జరగాల్సి ఉంటే మధ్యలో వెళ్లిపొమ్మనడమేంటి? మగవాడైతే ఇలాగే అంటారా?

ఆ మర్నాడే ఒబామా ‘ఆవిడ ఎంతకాలం కావాలంటే అంతకాలం పోటీలో ఉండొచ్చు’ అనేశారు. ఆ వసంతమంతటిలోకీ ఆయన అన్న తెలివైన మాట అదేనేమో. పొమ్మంటే పంతం పెరుగుతుంది. ఉండమంటే పోరు పోరులాగే సాగి ముగుస్తుంది.

పైగా పోటీ సాగడంవల్ల జరిగిన మేలు పెద్దలు అనుకోనిది. పెన్సిల్వేనియాలో ఏప్రిల్ 22 ప్రైమరీ నాటికి డెమోక్రాట్లుగా నమోదైన ఓటర్లు 40 లక్షలు దాటారు. ఇండియానా, నార్త్ కరోలినా రాష్ట్రాల ప్రైమరీలంటే మామూలుగా ఎవరికీ పట్టదు. అవి వచ్చేసరికి టికెట్ ఎప్పుడో తేలిపోయి ఉంటుంది. ఈసారి మే 6న అక్కడ ఊరూరా పార్టీ ఆఫీసులు వెలిశాయి. కార్యకర్తలు పుట్టుకొచ్చారు. నవంబరులో ఏమైందో చూడండి. 1964 తర్వాత డెమోక్రాట్లు ఒక్కసారీ గెలవని ఇండియానాలో ఒబామా సుమారు 28 వేల ఓట్ల తేడాతో గెలిచారు. 1976 తర్వాత చేజిక్కని నార్త్ కరోలినాలో సుమారు 14 వేలతో బయటపడ్డారు. అంత సన్నటి తేడాల్లో ప్రైమరీలో వేసిన పునాది లేదనగలమా?

రెండు కుర్చీలు, ఓ చెక్కు

జూన్ 3న మోంటానా, సౌత్ డకోటాలతో ప్రైమరీలు ముగిశాయి. ఒబామాకి కావాల్సిన ప్రతినిధుల సంఖ్య దక్కింది. ఆ రాత్రి హిల్లరీ ఓటమి ఒప్పుకోలేదు. విమర్శలు వెల్లువెత్తాయి. రెండు రోజుల తర్వాత, జూన్ 5 రాత్రి, వాషింగ్టన్‌లో సెనేటర్ డయాన్ ఫైన్‌స్టైన్ ఇంటికి ఇద్దరూ రహస్యంగా వచ్చారు. ఒబామా తమతోపాటే విమానంలో షికాగో వస్తున్నాడనుకున్న విలేకరులకు తలుపులు మూశాకగానీ ఆయన లేడని తెలియలేదు. ఫైన్‌స్టైన్ హాల్లో ఎదురెదురుగా రెండు కుర్చీలు వేసి, మంచినీళ్లు పెట్టి, మేడమీదకి వెళ్లి తన పని చూసుకున్నారు. సలహాదారుల్లేరు, సాక్షుల్లేరు. గంట తర్వాత ‘అయిపోయింది’ అని పిలిస్తే కిందికొచ్చారు. ఇద్దరూ నవ్వుకుంటున్నారట. ఏం మాట్లాడుకున్నారని ఆవిడ అడగలేదు. మధ్యవర్తి అంటే అలా ఉండాలి!

జూన్ 7న హిల్లరీ పోటీ విరమించారు. తనకు పడిన కోటీ 80 లక్షల ఓట్లను గాజు కప్పుమీద పడిన కోటీ 80 లక్షల పగుళ్లుగా చెప్పారు. ఓడినవారు ఓటమిలోంచే తమవాళ్లకు పట్టుకెళ్లడానికి ఏదో ఒకటి ఇవ్వాలి. ఆ మాటతో ఆవిడ అదిచ్చారు.

ఇక అప్పు. ప్రచారం ముగిసేసరికి హిల్లరీ నెత్తిన రెండు కోట్ల డాలర్లకు పైగా బాకీ మిగిలింది. అందులో సొంతంగా పెట్టింది కోటి డాలర్ల పైమాటే. జూన్ 26న, అంటే యూనిటీ సభకు ముందురోజు, వాషింగ్టన్‌లో హిల్లరీకి విరాళాలిచ్చే పెద్దలను ఒబామా కలిశారు. బాకీ తీర్చడానికి సాయం చేయమని తనవాళ్లకు చెప్పడమే కాదు, తానో చెక్కు రాశారు. చట్టం అనుమతించే గరిష్ఠ మొత్తం 2,300 డాలర్లు. భార్య మిషెల్ పేరున మరో 2,300. రెండు కోట్ల బాకీలో అదెంత? సముద్రంలో కాకిరెట్ట. కానీ ఇంటి యజమానే ముందు చెయ్యి జేబులో పెడితే చుట్టాలు ఊరుకుంటారా!

అందరూ కరగలేదు. ‘పార్టీ ఐక్యత మాకక్కర్లేదు’ అంటూ ‘ప్యూమా’ పేరుతో ఓ వర్గం తయారైంది. ఉపాధ్యక్ష పదవికి హిల్లరీని కాకుండా జో బైడెన్‌ను ఎంచుకోవడం వాళ్ల కోపానికి ఆజ్యం పోసింది. ఆగస్టు 26న డెన్వర్ మహాసభలో హిల్లరీ సూటిగా వాళ్లతోనే మాట్లాడారు. మీరు పనిచేసింది నాకోసమేనా, లేక బీమా లేక అల్లాడుతున్న ఆ తల్లికోసమా అని నిలదీశారు. మర్నాడు రాష్ట్రాలవారీగా పేర్లు పిలుస్తుండగా న్యూయార్క్ వంతు వచ్చింది. ఆ రాష్ట్ర ప్రతినిధుల మధ్య నిలబడి, లెక్కింపు ఆపి ఒబామాను ఏకగ్రీవంగా ఎన్నుకుందామని హిల్లరీయే ప్రతిపాదించారు. హాలు దద్దరిల్లింది. ఆవిడ పేరు కూడా నామినేషన్‌లో చదివారు, ఆవిడ ప్రతినిధులకూ ఓటేసే అవకాశమిచ్చారు. ఆ తర్వాతే ఏకగ్రీవం. ఈ వరస ముఖ్యం. తమ ఓటు నమోదైందన్న తృప్తి లేకుండా ‘ఏకగ్రీవం’ అంటే అది బలవంతపు పెళ్లే.

నవంబరు 4 నాటికి 28 శాతం బెదిరింపు ఏమైంది? ఎగ్జిట్ పోల్స్ ప్రకారం హిల్లరీని కోరుకున్న డెమోక్రాట్లలో 80 శాతానికి పైగా ఒబామాకే ఓటేశారు.

ఎడమొహం పెడమొహం

ఇదంతా చేయకపోతే ఏమవుతుందో ఆ పార్టీకి అనుభవమే. 1980లో పదవిలో ఉన్న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌ను సొంత పార్టీ సెనేటర్ ఎడ్వర్డ్ కెన్నెడీ సవాలు చేశారు. పోటీకి దిగితే చితక్కొడతానని కార్టర్ అంతకుముందే అన్న మాట పత్రికలకెక్కింది. కెన్నెడీ ఓడారు. కానీ మహాసభదాకా వదల్లేదు. ఆగస్టు 14 రాత్రి న్యూయార్క్‌లో ముగింపు సభ. ఇద్దరూ చేతులు పైకెత్తి పట్టుకుంటే ఆ ఫొటో చాలని కార్టర్ ఆశ. కెన్నెడీ వచ్చారు, ముక్తసరిగా చేయి కలిపారు, వేదికమీద అటూ ఇటూ తిరిగారు. ఎత్తిన చేతుల ఫొటో మాత్రం దక్కలేదు. దేశాధ్యక్షుడు తన ప్రత్యర్థి వెనకాల తిరగడం కోట్లమంది టీవీలో చూశారు. నవంబరులో రీగన్ 489 ఎలక్టోరల్ ఓట్లు గెలిస్తే కార్టర్‌కు దక్కినవి 49. ఇరాన్‌లో బందీలు, చుక్కల్లో ధరలు... ఓటమికి కారణాలు చాలానే ఉన్నాయి. ఇంటిపోరు వాటికి తోడైంది.

పోనీ, 2008 మంత్రం ప్రతిసారీ పారుతుందా అంటే అదీ లేదు. 2016లో బెర్నీ శాండర్స్ కూడా హిల్లరీకి మద్దతు ప్రకటించారు. జులై 26న ఫిలడెల్ఫియా మహాసభలో లేచి ఆమెను ఏకగ్రీవం చేయమన్నారు. ఎనిమిదేళ్లనాటి సీనే, నటులు మారారంతే. కానీ సరిగ్గా నాలుగు రోజుల ముందు వికీలీక్స్ పార్టీ కార్యాలయం ఈమెయిళ్లు బయటపెట్టింది. పార్టీ సిబ్బందిలో కొందరు శాండర్స్‌కు వ్యతిరేకంగా మాట్లాడుకున్న సంగతి అందరికీ తెలిసిపోయింది. పార్టీ అధ్యక్షురాలు రాజీనామా ప్రకటించాల్సి వచ్చింది. ఎంపైరే అవతలి జట్టువాడని అనుమానం వచ్చాక కెప్టెన్లు కరచాలనం చేసుకుంటే ఏం లాభం? సభలో శాండర్స్ తన మనుషులనే సముదాయించలేకపోయారు. వాళ్లలో చివరికి ట్రంప్‌కు ఓటేసినవారు 2008లో మెకెయిన్ వైపు వెళ్లిన హిల్లరీ అభిమానులకన్నా ఎక్కువేం కాదు. అయితే ఈసారి మూడు కీలక రాష్ట్రాల్లో తేడా అంతా కలిపి 80 వేల ఓట్లకు లోపే. ఆ కొద్దిమందే కొండంత అయ్యారు.

పార్టీ పాఠం నేర్చుకుంది. 2018 ఆగస్టులో నిబంధన మార్చి, పోటీ గట్టిగా ఉన్నప్పుడు తొలి విడత ఓటింగ్‌లో సూపర్ డెలిగేట్లకు ఓటు లేకుండా చేసింది. 2020లో శాండర్స్ పోటీనుంచి తప్పుకున్న అయిదు రోజులకే, ఏప్రిల్ 13న, బైడెన్‌కు మద్దతిచ్చారు. బైడెన్ కూడా వట్టి చేతులతో రాలేదు. ఆరోగ్యం, విద్య, పర్యావరణం వంటి ఆరు అంశాలపై ఇరువైపులవాళ్లతో కలిపి కమిటీలు వేశారు. ‘బావ బావే, పేకాట పేకాటే’ అంటాం కదా, ఆట అయ్యాక బావకు భోజనం కూడా పెట్టాలి మరి!

రిపబ్లికన్లది ఇంకో దారి. 1966లో కాలిఫోర్నియాలో ఆ పార్టీ నాయకుడు గేలార్డ్ పార్కిన్సన్ ‘తోటి రిపబ్లికన్‌ను నిందించరాదు’ అని ఓ నియమం పెట్టారు. బైబిల్లోని పది ఆజ్ఞల తర్వాత ఇది పదకొండోదన్నారు. దాన్ని ఊరూరా చాటింది రీగన్. ఆయనే 1976లో అధ్యక్షుడు ఫోర్డ్‌పై పోటీకి దిగి, వరుసగా ఓడుతుండేసరికి ఆ ఆజ్ఞను పక్కనపెట్టి విరుచుకుపడ్డారు. ఓడిపోతున్నప్పుడు నీతి పాటించడం మహామహులకే కష్టం. 2024కి వచ్చేసరికి ఆ ముసుగూ లేదు. భారత సంతతికి చెందిన నిక్కీ హేలీని ట్రంప్ ‘పిట్టబుర్ర’ అని పిలిచారు. ఆమె మార్చిలో తప్పుకున్నారు. జులైలో మిల్వాకీ మహాసభకు వచ్చి ‘ప్రతి విషయంలో ఆయనతో ఏకీభవించనక్కర్లేదు, ఓటు మాత్రం వేయండి’ అన్నారు. మర్యాద లేకున్నా పార్టీ ఒక్కటైంది, గెలిచింది కూడా. ఆ సంగతి ఒప్పుకోవాల్సిందే. గెలిచిన నాలుగు రోజులకే హేలీకి తన ప్రభుత్వంలో చోటు లేదని ట్రంప్ ప్రకటించారు.

2008లో జరిగింది వేరు. గెలిచిన ఒబామా విదేశాంగ మంత్రి పదవి తీసుకోమని హిల్లరీని అడిగారు. ఆవిడ మొదట వద్దన్నారు. ఆయన పట్టుబట్టారు. డిసెంబరు 1న షికాగోలో ఆ ప్రకటన చేస్తుంటే ఓ విలేకరి లేచి పాత సంగతి తవ్వారు. విదేశీ నేతలతో టీ తాగడమేనా ఆవిడ అనుభవం అన్నారుగా, ఇప్పుడేమంటారు? పక్కనే హిల్లరీ నిలబడి ఉన్నారు. ప్రచారంలో అన్న మాటలు తిరగదోడటం మీ విలేకరులకు సరదా అంటూ ఒబామా నవ్వేశారు.